గడియారం, మాత్ర, సూట్: జలక్రీడల ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ నియమాలు ఎలా పుట్టాయి

సంక్షిప్తంగా: ఒలింపిక్స్‌తో పని లేకుండా జలక్రీడలకు సొంత ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ 1973లో బెల్‌గ్రేడ్‌లో మొదలయ్యాయి. ఈత, డైవింగ్, వాటర్ పోలో, సింక్రనైజ్డ్ స్విమ్మింగ్‌తో మొదలైన ఈ పోటీల్లోకి తర్వాత ఓపెన్ వాటర్ ఈత, హై డైవింగ్ వచ్చి చేరాయి. ఇవాళ అమల్లో ఉన్న నియమాల్లో చాలావాటి వెనక ఏదో ఒక పోటీలో తలెత్తిన వివాదం ఉంది. 2022 నుంచి వరసగా నాలుగేళ్లు ఈ పోటీలు జరగడానికి కోవిడ్, 2025 వేదిక మారడానికి ఉక్రెయిన్ యుద్ధం కారణాలు. 2028 ఒలింపిక్స్‌లో చేరుతున్న 50 మీటర్ల ఈవెంట్లు భారత ఈతగాళ్లకు కొత్త దారి తెరుస్తున్నాయి.

2022లో బుడాపెస్ట్, 2023లో ఫుకువోకా, 2024లో దోహా, 2025లో సింగపూర్. రెండేళ్లకోసారి జరగాల్సిన ప్రపంచ అక్వాటిక్స్ ఛాంపియన్‌షిప్స్ వరసగా నాలుగేళ్లు జరిగాయి. ఈ మధ్యలోనే, 2022 డిసెంబర్‌లో, వందేళ్లకు పైగా ఫినాగా పేరున్న అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ అని పేరు మార్చుకుంది. ఇవి చాలవన్నట్టు 25 మీటర్ల పూల్‌లో జరిగే ఇంకో పోటీని కూడా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ అనే పిలుస్తారు. ఎప్పుడో 2009లో నెలకొల్పిన కొన్ని రికార్డులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వార్తల్లో ఇవన్నీ ఒకేసారి కనిపించేసరికి ఏది అసలు పోటీ, ఏది అసలు రికార్డు అన్న సందేహం రావడం సహజం.

ఈ చిక్కు విప్పాలంటే ఒక ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. పరుగు పందెంలో నేల అందరికీ దాదాపు ఒకటే. ఈతలో మాత్రం నీరు కదులుతుంది, అలలు గోడకు తగిలి వెనక్కి వస్తాయి, ఒంటికి తొడిగిన గుడ్డ కూడా మనిషిని తేలుస్తుంది. మరి గెలిచింది మనిషా, నీరా, గుడ్డా? ఈ క్రీడల పాలకులు నూట పాతికేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ వచ్చారు. ఆ రాతలే ఇవాళ్టి నియమాలు.

సముద్రం నుంచి కొలను దాకా

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఈత పోటీలు పైరియస్ దగ్గరి జియా అఖాతంలో, ఏప్రిల్ నెల చల్లటి నీళ్లలో జరిగాయి. ఈతగాళ్లను పడవలో లోపలికి తీసుకెళ్లి దింపేవాళ్లు. అక్కడి నుంచి ఒడ్డుకు ఈదుకుంటూ రావాలి. హంగేరీకి చెందిన అల్‌ఫ్రెడ్ హాయోష్ ఒంటినిండా మందంగా గ్రీజు పూసుకుని దిగి 100 మీటర్లు, 1200 మీటర్లు గెలిచాడు. గెలవాలన్న కోరిక కంటే బతికి బయటపడాలన్న ఆరాటమే తనను ముందుకు నెట్టిందన్న అర్థంలో ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ పరీక్షకు నిలిచింది వేగంతో పాటు చలిని తట్టుకునే శక్తి కూడా.

1900 పారిస్ పోటీలు సేన్ నదిలో పెట్టారు. ప్రవాహం కూడా తోడు కావడంతో టైమింగ్‌లు వేగంగా వచ్చాయి. స్తంభం ఎక్కి, పడవల మీదుగా పాకి, పడవల కింద నుంచి దూరి వెళ్లే 200 మీటర్ల అడ్డంకుల ఈత కూడా అప్పుడు ఒక ఒలింపిక్ ఈవెంటే. 1904 సెయింట్ లూయిస్‌లో కృత్రిమ సరస్సులో ఈదారు. దూరాలను గజాల్లో లెక్కపెట్టారు. ఒక ఊరి టైమింగ్‌ను ఇంకో ఊరి టైమింగ్‌తో పోల్చే వీలే లేదు.

ఈ గందరగోళం సర్దడానికే 1908 జులై 19న, లండన్ ఒలింపిక్స్ జరుగుతుండగానే, ఎనిమిది దేశాల సమాఖ్యలు కూర్చుని ఫినాను స్థాపించాయి. బెల్జియం, బ్రిటన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, హంగేరీ, స్వీడన్ ఆ వ్యవస్థాపక దేశాలు. కొత్త సంస్థ ముందున్న పనులు చూడ్డానికి చిన్నవి: ఒకే నియమావళి, ఒకే రికార్డుల పట్టిక. కానీ ఆ పట్టిక మీద నమ్మకం కుదరాలంటే కొలను పొడవు కూడా ఒకటే కావాలి. లండన్‌లో స్టేడియం మధ్యలో తవ్విన పూల్ పొడవు 100 మీటర్లు. లేన్‌లు గీసిన 50 మీటర్ల పూల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌కు గానీ రాలేదు. ఆ తర్వాత కూడా రికార్డులు రకరకాల పొడవుల కొలనుల్లో నమోదవుతూనే వచ్చాయి. పొట్టి కొలనులో గోడను తన్ని తిరిగే టర్న్‌లు ఎక్కువ. ప్రతి టర్న్ దగ్గరా వేగం పెరుగుతుంది కాబట్టి అక్కడి టైమింగ్ ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది. అందుకే 1957 నుంచి 50 మీటర్లు లేదా 55 గజాల పూల్‌లో ఈదిన టైమింగ్‌నే ప్రపంచ రికార్డుగా పరిగణించడం మొదలుపెట్టారు.

25 మీటర్ల పోటీలకు వేరే రికార్డులు, 1993 నుంచి వేరే ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఉండటానికి కారణం కూడా ఇదే. దాన్ని షార్ట్ కోర్స్ అంటారు. వార్తలో ప్రపంచ రికార్డు అని కనిపిస్తే అది ఏ పొడవు కొలనులో వచ్చిందో చూసుకోవడం మంచిది.

కంటి చూపా, గడియారమా

కొలను పొడవు కుదిరాక గడియారం సమస్య మిగిలింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ను దీనికి పాఠంగా చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియా ఈతగాడు జాన్ డెవిట్, అమెరికా ఈతగాడు లాన్స్ లార్సన్ ఇద్దరూ దాదాపు ఒకేసారి గోడను తాకారు. డెవిట్ లేన్ దగ్గర స్టాప్‌వాచ్‌లు పట్టుకున్న ముగ్గురూ 55.2 సెకన్లు చూపించారు. లార్సన్ లేన్ దగ్గరి ముగ్గురివి 55.0, 55.1, 55.1. ఏ లెక్కన చూసినా లార్సన్‌దే తక్కువ సమయం. కానీ అప్పట్లో వరస తేల్చేది గడియారం కాదు, ఒడ్డున నిలబడ్డ న్యాయనిర్ణేతలు. మొదటి స్థానం చూసే ముగ్గురిలో ఇద్దరు డెవిట్ గెలిచాడన్నారు. రెండో స్థానం చూసే ముగ్గురిలో ఇద్దరు డెవిట్ రెండోవాడన్నారు. అంటే మొత్తం ఆరుగురిలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. చివరికి ప్రధాన న్యాయనిర్ణేత డెవిట్‌కు స్వర్ణం ఇచ్చారు. అది పొసగడానికి లార్సన్ సమయాన్ని కూడా 55.2 అని రాశారు. అమెరికా అప్పీళ్లు నిలవలేదు. ఒక మనిషి ఈదిన సమయాన్ని తీర్పుకు అనుగుణంగా దిద్దడం అన్యాయమే. ఆ ఫలితం మాత్రం ఇప్పటికీ మారలేదు.

ఆ తర్వాత గోడకు అమర్చే టచ్‌ప్యాడ్ వచ్చింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి ఈతగాడి చేయి తగలగానే గడియారం తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంది. అయితే యంత్రం వచ్చాక ఇంకో చిక్కు బయటపడింది. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లే ఫైనల్‌లో స్వీడన్ ఈతగాడు గున్నార్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మెక్‌కీ ఇద్దరి సమయమూ సెకనులో నూరో వంతు వరకూ సమానంగా వచ్చింది. అప్పుడు వెయ్యో వంతు దాకా వెళ్లి చూశారు. లార్సన్ 4:31.981, మెక్‌కీ 4:31.983. సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు భాగాల తేడాతో స్వర్ణం స్వీడన్‌కు వెళ్లింది.

లెక్క వేస్తే ఇందులో తిరకాసు తెలుస్తుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్లే ఈతగాడు వెయ్యో వంతు సెకనులో వెళ్లేది 2 మిల్లీమీటర్లు. ఆ వేగంలో మెక్‌కీ ఓడిన దూరం 4 మిల్లీమీటర్లకు మించదు. మరి 50 మీటర్ల కొలను పొడవు విషయంలో నియమాలు ఒప్పుకునే వెసులుబాటు 3 సెంటీమీటర్లు. పక్కపక్క లేన్‌ల మధ్యే అంత తేడా ఉండొచ్చు. గోడ కట్టిన మేస్త్రీ పనితనంలో ఉన్న తేడా కంటే సన్నటి తేడాతో విజేతను తేల్చడం న్యాయం కాదు. అందుకే ఆ తర్వాత నూరో వంతు దగ్గరే ఆగాలని నియమం తెచ్చారు. 1984 లాస్ ఏంజెలిస్‌లో నాన్సీ హాగ్స్‌హెడ్, క్యారీ స్టైన్‌సైఫర్ ఇద్దరూ 55.92 సెకన్లతో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ముగిస్తే ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్, దక్షిణాఫ్రికా ఈతగాడు చాడ్ లె క్లోస్, హంగేరీ ఈతగాడు లాస్లో చెహ్ ముగ్గురూ 51.14తో రజతం పంచుకున్నారు. ఇంత ఆధునిక కాలంలో టై ఏంటని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి ఆ టై సాంకేతిక లోపం వల్ల వచ్చింది కాదు, కావాలని పెట్టుకున్న హద్దు వల్ల వచ్చింది.

బెల్‌గ్రేడ్ దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ 1930లోనే మొదలైంది. జలక్రీడలకు మాత్రం యూరప్ ఛాంపియన్‌షిప్స్ 1926 నుంచి, ఆసియా క్రీడలు 1951 నుంచి ఉన్నా, ప్రపంచ స్థాయిలో ఒలింపిక్స్ తప్ప ఇంకో వేదిక లేకపోయింది. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ వారం రోజుల్లో జ్వరం వచ్చినా, భుజం నొప్పి పెట్టినా మళ్లీ నాలుగేళ్లు ఎదురుచూడాల్సిందే. పైగా ఈతలో అప్పట్లో కెరీర్ పొట్టిది. పదహారేళ్లకు శిఖరానికి చేరిన అమ్మాయి ఇరవై ఏళ్లకు రిటైరయ్యేది.

1973 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బెల్‌గ్రేడ్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. వేదిక ఒకప్పటి రాతి క్వారీలో కట్టిన తాష్‌మైదాన్ పూల్. 47 దేశాల నుంచి 686 మంది క్రీడాకారులు వచ్చారు. అథ్లెటిక్స్ పూర్తి స్థాయి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ హెల్సింకీలో జరగడానికి ఇంకా పదేళ్లు ఉంది. ఈ విషయంలో కొలను ట్రాక్ కంటే ముందుంది.

బెల్‌గ్రేడ్ రాజధానిగా ఉన్న యుగోస్లావియా అప్పట్లో అమెరికా, సోవియట్ కూటములు రెండింటిలోనూ చేరని దేశం కాబట్టి అమెరికా, తూర్పు జర్మనీ ఒకే నీళ్లలో దిగడానికి అనువైన చోటు కూడా. తర్వాతి ఏళ్లలో ఈ వేదిక విలువ ఇంకా తెలిసొచ్చింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు అమెరికా వెళ్లలేదు, 1984 లాస్ ఏంజెలిస్‌కు సోవియట్, తూర్పు జర్మనీ వెళ్లలేదు. ఆ రెండు బహిష్కరణల నడుమ ఇరు పక్షాల ఈతగాళ్లు ఎదురెదురుగా తలపడింది 1982లో ఈక్వడార్‌లోని గుయాకిల్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లోనే. ఆ తరం అసలు ఛాంపియన్ ఎవరో తేల్చాలంటే ఒలింపిక్ పతకాల పట్టికతో పాటు గుయాకిల్ ఫలితాలూ తెరవాలి.

నీలం మాత్రలు

బెల్‌గ్రేడ్‌లో మహిళల ఈతలో 14 స్వర్ణాలుంటే తూర్పు జర్మనీ 10 గెలిచింది. అంత చిన్న దేశం అమెరికాను అలా ఊడ్చేయడం చూసి అందరూ నోరెళ్లబెట్టారు. ఆ అమ్మాయిలు వేసుకున్న పల్చటి, ఒంటికి అతుక్కుపోయే కొత్తరకం లైక్రా సూట్ల మీద అందరి కళ్లూ పడ్డాయి. రహస్యం గుడ్డలో ఉందనుకున్నారు. మిగతా దేశాలు కూడా అలాంటి సూట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టాయి.

అసలు కారణం బెర్లిన్ గోడ కూలాక రహస్య పోలీసుల ఫైళ్లు తెరిచినప్పుడు బయటపడింది. టీనేజ్ అమ్మాయిలకు విటమిన్లని చెప్పి ఓరల్ టూరినాబోల్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. 1974లో ఆ పనికి ప్రభుత్వ ప్రణాళికగా ఒక నంబర్ కూడా పెట్టారు: 14.25. మందుల వాడకం అంతకు ముందే మొదలైంది. 2000లో బెర్లిన్ కోర్టు తూర్పు జర్మనీ క్రీడల అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, వైద్యాధికారి మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌ను దోషులుగా తేల్చింది. ఆ ఆటగాళ్ల ఆరోగ్యాలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఫలితాలను మాత్రం సవరించలేదు. రెండో స్థానంలో ఆగిపోయినవాళ్లు అలాగే ఉండిపోయారు, మాత్రలు మింగినవాళ్లు శరీరంతో మూల్యం చెల్లించారు. ఈ క్రీడ చరిత్రలో ఇంతకంటే పెద్ద గాయం లేదు. దాన్ని మాన్పే ప్రయత్నం సరిగ్గా జరగలేదనే చెప్పాలి.

ఇరవై ఏళ్ల తర్వాత దాదాపు అదే దృశ్యం మళ్లీ కనిపించింది. 1994 రోమ్‌లో చైనా మహిళలు 16 స్వర్ణాల్లో 12 గెలిచారు. కొన్ని వారాలకే హిరోషిమా ఆసియా క్రీడల్లో ఏడుగురు చైనా ఈతగాళ్లు డోపింగ్ పరీక్షలో దొరికారు. 1998లో పెర్త్ ఛాంపియన్‌షిప్స్‌కు వస్తున్న ఒక చైనా క్రీడాకారిణి సామాన్లలో సిడ్నీ విమానాశ్రయ అధికారులకు గ్రోత్ హార్మోన్ సీసాలు దొరికాయి.

ఈ రెండు ఉదంతాలకూ ఒక తేడా ఉంది. చైనా ఈతగాళ్లు పరీక్షలో దొరికిపోయారు. తూర్పు జర్మనీ ఆటగాళ్లకు పోటీల సమయానికి మందు ఆనవాళ్లు ఒంట్లో మిగలకుండా మాత్రలు ఇవ్వడం ముందే ఆపేసేవాళ్లు కాబట్టి పోటీ రోజు పరీక్షలు పనికిరాలేదు. పోటీలు లేని రోజుల్లో, చెప్పాపెట్టకుండా ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకునే పద్ధతి ఈ అనుభవం నుంచే బలపడింది. అనుమానాలు మాత్రం పూర్తిగా పోలేదు. 2021 మొదట్లో 23 మంది చైనా ఈతగాళ్ల శాంపిళ్లలో ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు ఆనవాళ్లు కనిపించాయని, హోటల్ వంటగది నుంచి కలుషితమైందన్న చైనా వివరణను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అంగీకరించిందని 2024లో బయటికొచ్చింది. ఆ తర్వాత జరిగిన పెద్ద పోటీలన్నిటి మీదా ఈ వార్త నీడ పడింది.

రోమ్ 2009: ఎనిమిది రోజులు, 43 రికార్డులు

1973లో సూట్ మీద పడిన అనుమానం తప్పు. 2009లో మాత్రం అసలు దోషి సూటే.

2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ ఎల్‌జడ్ఆర్ రేసర్ అనే సూట్ విడుదల చేసింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతలో 25 ప్రపంచ రికార్డులు వచ్చాయి. దాన్ని చూసి పోటీ కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి పూర్తిగా పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌తో సూట్లు చేశాయి. మెడ నుంచి చీలమండ దాకా కప్పే ఈ సూట్ తొడుక్కోవడానికే చాలాసేపు పట్టేది, ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చేది. అది చేసే పనులు మూడు. కండరాలను గట్టిగా బిగించి శరీరాన్ని గొట్టంలా నునుపు చేస్తుంది. నీటిని పీల్చుకోదు. లోపల చిక్కుకున్న గాలితో కలిసి మనిషిని కాస్త పైకి తేలుస్తుంది. ఈ మూడోదే ప్రాణం. గాలి కంటే నీరు దాదాపు 800 రెట్లు బరువు కాబట్టి శరీరంలో ఎంత భాగం నీటి పైకి వస్తే అంత అడ్డు తగ్గుతుంది. రేసు చివర్లో అలసిపోయినప్పుడు నడుము కిందికి జారడం ఈతగాడికి పెద్ద శత్రువు. ఈ సూట్ నడుమును జారనివ్వదు. అంటే బలహీనమైన నడుమున్నవాడికి ఎక్కువ లాభం, బలమైనవాడికి తక్కువ లాభం. సూట్ అందరికీ దొరికినా సమానత్వం రాకపోవడానికి కారణం ఇదే.

రోమ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఈత జరిగిన ఎనిమిది రోజుల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. పురుషుల 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో కొత్త సూట్ వేసుకున్న జర్మన్ ఈతగాడు పాల్ బీడర్‌మాన్ 1:42.00తో, పాత తరం ఎల్‌జడ్ఆర్‌లో దిగిన మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. ఫెల్ప్స్ 1:43.22 దగ్గర ఆగిపోయాడు. సూట్ సాయం చేసిందని బీడర్‌మాన్ కూడా దాచకుండా ఒప్పుకున్నాడు. ఫెల్ప్స్ కోచ్ బాబ్ బౌమన్ ఈ సంగతి తేలేదాకా తన శిష్యుణ్ని అంతర్జాతీయ పోటీలకు పంపనని హెచ్చరించాడు.

2010 జనవరి 1 నుంచి నియమం మారింది. సూట్ నేసిన గుడ్డతోనే చేయాలి, మగవాళ్లకు నడుము నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజం నుంచి మోకాలి దాకానే ఉండాలి. పాత రికార్డులను మాత్రం పట్టికలో అలాగే ఉంచారు. వాటి పక్కన ఒక నక్షత్రం గుర్తయినా పెట్టలేదు. పర్యవసానంగా ఒక తరం ఈతగాళ్లు గుడ్డ సూట్లతో పాలీయురేథేన్ సమయాలను వెంటాడారు. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బ్రెజిల్ ఈతగాడు సెజార్ సియెలో 2009లో రోమ్‌లో పెట్టిన 46.91ను రుమేనియా కుర్రాడు డేవిడ్ పొపోవిచీ దాటేసరికి 2022 ఆగస్టు వచ్చింది. అదీ రోమ్‌లోనే. బీడర్‌మాన్ 1:42.00 మాత్రం 2025 సింగపూర్ పోటీలు ముగిసేనాటికి కూడా చెక్కుచెదరలేదు.

ఒలింపిక్స్‌కు ముందు ట్రయల్

ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ చేసే ఇంకో పని పెద్దగా ఎవరూ గమనించరు. ఏ ఈవెంట్ అయినా ముందు ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది, తర్వాతే ఒలింపిక్స్ తలుపు తడుతుంది. సింక్రనైజ్డ్ స్విమ్మింగ్ 1973లో ఇక్కడ వచ్చి 1984లో ఒలింపిక్స్‌కు వెళ్లింది. మహిళల వాటర్ పోలో 1986లో ఇక్కడ, 2000లో అక్కడ. జంట డైవింగ్‌కు రెండేళ్లే పట్టింది, 1998 నుంచి 2000. మహిళల 1500 మీటర్ల ఫ్రీస్టైల్ మాత్రం 2001లో ఇక్కడ మొదలైతే ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. ఆడవాళ్లు అంత దూరం ఈదలేరన్న పాత భ్రమ పోవడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక్కడి అనుభవంతో అడ్డుకట్టలు కూడా వచ్చాయి. 1991 పెర్త్‌లో చైనా అమ్మాయి ఫు మింగ్‌షియా 12 ఏళ్ల వయసులో 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ డైవింగ్ గెలిచింది. అంత చిన్న పిల్లలను అంత ఎత్తు నుంచి దూకించడం మీద చర్చ జరిగి, ఆ తర్వాత డైవింగ్‌కు కనీస వయసు 14గా పెట్టారు. ఈత విషయంలో అలాంటి అడ్డు అంత గట్టిగా లేదు. 2025 సింగపూర్‌లో చైనా నుంచే 12 ఏళ్ల యు జిడి రిలేలో కాంస్యం అందుకోవడంతో అదే చర్చ మళ్లీ మొదలైంది.

2013 బార్సిలోనా ఓడరేవులో హై డైవింగ్ చేర్చారు. మగవాళ్లు 27 మీటర్లు, ఆడవాళ్లు 20 మీటర్ల ఎత్తు నుంచి దూకుతారు. 27 మీటర్ల నుంచి పడే మనిషి నీటిని తాకేటప్పుడు వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే అక్కడ తల కాదు, పాదాలు ముందు నీళ్లలోకి వెళ్లాలి.

సింక్రనైజ్డ్ స్విమ్మింగ్‌కు ఇప్పటి పేరు ఆర్టిస్టిక్ స్విమ్మింగ్. నీళ్లలో చేసే డాన్స్ అని తేలిగ్గా మాట్లాడే ఈ క్రీడ ఎంత కష్టమో 2022 బుడాపెస్ట్‌లో లోకం చూసింది. అమెరికా క్రీడాకారిణి అనీటా ఆల్వరెజ్ సోలో ఫైనల్ ప్రదర్శన ముగిసిన మరుక్షణం స్పృహ తప్పి, చేతులు వాలిపోయి నెమ్మదిగా అడుక్కి మునిగిపోసాగింది. ఒడ్డున ఉన్న కోచ్ ఆండ్రియా ఫ్యూయెంతెస్ వేసుకున్న బట్టలతోనే దూకి ఆమెను పైకి తెచ్చింది. ఊపిరి బిగబట్టి నీటి కింద అంతసేపు కాళ్లు ఆడించడం గుండెకూ మెదడుకూ పరీక్షే. ఇది జరిగిన కొలను పేరు హాయోష్ అల్‌ఫ్రెడ్ పూల్. జియా అఖాతంలో గ్రీజు పూసుకుని ఈదిన ఆ హాయోష్ తర్వాత ఆర్కిటెక్ట్ అయ్యాడు. ఈ కొలను డిజైన్ ఆయనదే.

వరసగా నాలుగేళ్లు ఎందుకు

2001 నుంచి బేసి సంఖ్య ఏడాదిలో పోటీలు పెట్టడం ఆనవాయితీ. 2021లో ఫుకువోకా వంతు. కోవిడ్ వల్ల టోక్యో ఒలింపిక్స్ అదే వేసవికి వాయిదా పడటంతో ఫుకువోకా 2022 మేకు, అక్కడి నుంచి 2023 జులైకి వెళ్లింది. ఆ ఖాళీ పూడ్చడానికి 2022 జూన్‌లో బుడాపెస్ట్‌కు హడావిడిగా పోటీలు అప్పగించారు. 2023లో జరగాల్సిన దోహా పోటీలు 2024 ఫిబ్రవరికి వాయిదా పడ్డాయి. పారిస్ ఒలింపిక్స్‌కు ఐదున్నర నెలల ముందు శిక్షణ పాడుచేసుకోవడం ఇష్టంలేక పేరున్న ఈతగాళ్లు చాలామంది దోహా వెళ్లలేదు. అక్కడి పతకం, ఫుకువోకా పతకం కాగితం మీద ఒకటే అయినా గెలవడానికి ఎదురైన పోటీ ఒకటి కాదు. ఎవరి గణాంకాలనైనా పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

2025 పోటీలు నిజానికి రష్యాలోని కజాన్‌కు కేటాయించినవి. ఉక్రెయిన్ మీద దాడి తర్వాత వాటిని సింగపూర్‌కు మార్చారు. రష్యా ఆటగాళ్లు జెండా, జాతీయ గీతం లేకుండా తటస్థ క్రీడాకారులుగా పాల్గొన్నారు. సింగపూర్‌లో సెంటోసా తీరంలో 10 కిలోమీటర్ల ఈత నీటిలో బ్యాక్టీరియా పెరగడంతో వాయిదా పడింది. తర్వాతి మజిలీ 2027లో మళ్లీ బుడాపెస్ట్.

మన దేశం, మన నేల

ఈ చరిత్రలో తెలుగు నేలకు ఒక చిన్న, నిజమైన చోటు ఉంది. బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీల్లో కొందరు చేతులను నీటి పైనుంచి విసురుతూ వేగంగా ఈదడం మొదలుపెట్టడంతో 1952లో ఫినా ఆ పద్ధతిని బటర్‌ఫ్లై పేరుతో విడదీసింది. విడిగా బటర్‌ఫ్లై మొదటిసారి జరిగిన ఒలింపిక్స్ 1956 మెల్‌బోర్న్. ఆ 200 మీటర్ల బటర్‌ఫ్లై హీట్స్‌లో, అంటే తొలి దశ పోటీల్లో, భారత్ తరఫున దిగింది గుంటూరు జిల్లా పల్లె నుంచి సైన్యంలోకి వెళ్లిన గజ ఈతగాడు షంషేర్ ఖాన్. 2017లో కన్నుమూశారు. కొత్తగా పుట్టిన ఈవెంట్‌లో మొదటి ఏడాదే మన వాడొకడు దిగాడన్న సంగతి తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసు?

భారత్‌కు ఆసియా క్రీడల్లో మొదటి స్వర్ణం తెచ్చింది కూడా ఈతే. 1951 ఢిల్లీలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సచిన్ నాగ్ గెలిచారు. అదే క్రీడల్లో వాటర్ పోలో స్వర్ణం కూడా మనదే. ఆ తర్వాత వెనకబడటానికి కారణం కొలనులే. సచిన్ నాగ్ కాలంలో నదిలో, చెరువులో నేర్చుకున్న ఈత ఆసియా స్థాయికి సరిపోయేది. టచ్‌ప్యాడ్ల కాలంలో స్టార్ట్, టర్న్, నీటి అడుగున రెండు కాళ్లూ కలిపి తన్నే డాల్ఫిన్ కిక్ రేసును తేలుస్తాయి. ఇవి చెరువులో రావు. ఏడాది పొడవునా తెరిచి ఉండే 50 మీటర్ల పూల్, రోజుకు రెండు పూటలా లేన్ కావాలి. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో అలాంటి పూల్ కట్టారు, మరుసటి ఏడాది ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ ఈత అక్కడే జరిగింది. ఇన్ని కోట్ల జనాభా ఉన్న రెండు రాష్ట్రాలకు అలాంటి కొలనులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉండటం విచారకరం.

ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ఏ-కట్ సమయాన్ని అందుకున్న మొదటి భారత ఈతగాడు సజన్ ప్రకాశ్. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ముగించాడు. కావాల్సింది 1:56.48. సెకనులో పదో వంతు, అంటే దాదాపు 17 సెంటీమీటర్లు. ఆ సన్నటి తేడా దాటడానికి భారత్‌కు అన్నేళ్లు పట్టింది.

ఇక ముందు మారబోయేది 50 మీటర్ల లెక్క. బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలో 50 మీటర్ల ఈవెంట్లు 2001 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఉన్నా ఒలింపిక్స్‌లో లేవు. వాటిని 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లో చేర్చడానికి 2025 ఏప్రిల్‌లో ఆమోదం లభించింది. ఆసియా క్రీడల్లో భారత్‌కు ఇటీవల ఈతలో వచ్చిన పతకాలు చూస్తే దీని అర్థం తెలుస్తుంది. 2010 గ్వాంగ్‌జౌలో విర్ధవల్ ఖడే కాంస్యం 50 మీటర్ల బటర్‌ఫ్లైలో. 2014 ఇంచియాన్‌లో సందీప్ సెజ్వాల్ కాంస్యం 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో. ఇద్దరూ తమకు బాగా వచ్చిన ఈవెంట్ ఒలింపిక్స్‌లో లేని కాలంలో ఈదారు. ఇప్పుడు గచ్చిబౌలిలోనో, విజయవాడలోనో పొద్దున్నే ఐదింటికి కొలనులో దిగే పదిహేనేళ్ల స్ప్రింటర్‌కు ఆ ఇబ్బంది లేదు. వాళ్లకు కావాల్సింది ఒక లేన్, మంచి స్టార్టింగ్ బ్లాక్, నూరో వంతు దాకా చూపించే గడియారం.